కడత్తూరు శనివారపు భజన

కడత్తూరు అనే ఊరు ఒకటున్నదని మన చదువరులలో చాలామందికి తెలిసివుండదు. తెలియకపోవడం వారి తప్పూ కాదు, ఊరి తప్పూ కాదు. మద్రాసునుంచి సేలం పోయే రైలు జోలార్‌పేట దాటి దక్షిణానికి మళ్ళిన తరువాత మొరప్పూరు, బొమ్మిడి అని రెండు స్టేషన్లు వస్తాయి. కాఫీకి దిగిన ప్రయాణికుడు గ్లాసు ఖాళీ చేసే లోపలే బండి కదిలిపోయే స్టేషన్లవి. వాటిలో ఏదో ఒకచోట దిగి బస్సెక్కితే మా ఊరు చేరుకోవచ్చు. దారి పొడుగునా చింతచెట్లు, మామిడితోపులు. ఆకాశం తేటగా వుంటే దక్షిణాన సేర్వరాయన్ కొండలు నీలంగా కనిపిస్తాయి.

ఒకప్పుడిది సేలం జిల్లా. 1965 అక్టోబరు 2న ధర్మపురి వేరు జిల్లా అయినప్పుడు మేము అందులోకి వచ్చాము. 2004లో ఆ ధర్మపురినుంచి కృష్ణగిరి విడిపోయింది. జిల్లాలు ఎన్నిసార్లు విడిపోయినా మా వీధిలో మాట మాత్రం మారలేదు. విజయనగరపు రోజులలోనూ, ఆ తరువాత నాయకుల రోజులలోనూ దక్షిణానికి దిగివచ్చిన తెలుగు కుటుంబాల మాట అది. బయట తమిళం, గడప లోపల తెలుగు. మా తాలూకా కేంద్రం పేరు పాపిరెడ్డిపట్టి అని చెబితే చదువరులకు మిగతా కథ చెప్పనక్కరలేదు.

నేను చెప్పదలచుకున్నది ఊరి చరిత్ర కాదు, మా వీధి శనివారపు భజన సంగతి. అది చెప్పాలంటే ముందు చికాగో నగరంలో ఒక సారాయి అంగడి సంగతి చెప్పాలి. దయచేసి కనుబొమలు ముడివేయకండి. నేను అక్కడ తాగినది నిమ్మరసమే.

మా అబ్బాయి అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి గిటారు పిచ్చి. పోయిన సంవత్సరం నేను వాడి దగ్గర మూడు నెలలు వున్నప్పుడు ఒక సోమవారం రాత్రి, "నాన్నా, ఊరికే ఇంట్లో కూర్చుంటే తోచదు, నాతో రండి" అని తీసుకుపోయాడు. పేట చివర చిన్న బారు. లోపల మసక వెలుతురు, ఒక మూల చెక్కవేదిక, దానిమీద డ్రమ్ములు, పెద్ద గిటారు, పియానో. తలుపు దగ్గర ఒక కాగితం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. వచ్చినవాడు తన పేరూ, తాను వాయించే వాద్యమూ ఆ కాగితంమీద రాయాలి. ఆ ఇంటి మేళగాళ్ళు మొదట నాలుగు పాటలు పాడి వేదిక వేడిచేస్తారు. తరువాత కాగితంలో వరుస ప్రకారం పిలుపు. బస్సు డ్రైవరు వచ్చాడు, బడిపంతులమ్మ వచ్చింది, డెబ్బై దాటిన నల్లజాతి పెద్దాయన ఒకడు నోటి హార్మోనికా పట్టుకుని వచ్చాడు. ఒకరినొకరు అంతకు ముందు చూసిందీ లేదు. శ్రుతి ఏదో ఒక మాట, నడక ఏదో ఒక మాట, అంతే, పాట ఎత్తుకున్నారు. దీనినే వారు జామ్ సెషన్ అంటారు.

ముక్కూమొహం తెలియనివారు కలిసి ఎట్లా వాయించగలుగుతున్నారని నాకు ఆశ్చర్యం కలిగింది. పాడుబుద్ధి గదా, తొడమీద ఆదితాళం వేసి లెక్కపెట్టాను. ఒక చరణానికి సరిగ్గా ఆరు ఆవర్తాలు, అంటే 48 అక్షరాలు. వారి లెక్కలో నాలుగేసి అక్షరాల గదులు 12. మొదటి రెండు ఆవర్తాలలో ఒక పాదం, తరువాతి రెంటిలో అదే పాదం మళ్ళీ, చివరి రెంటిలో దానికి జవాబు వంటి పాదం. పునాది స్వరం మొదటి పాదమంతా షడ్జమం. రెండవ పాదానికి మధ్యమానికి పోయి తిరిగి షడ్జమానికి వస్తుంది. మూడవ పాదం పంచమంమీద లేచి, మధ్యమంమీదుగా ఇల్లు చేరుతుంది. నడక చాలా పాటలలో తిశ్రగతి. ఈ చట్రం ప్రతివాడికీ కంఠతా వచ్చు గనుక దానిమీద ఎవడు ఏమి అల్లినా పాట కూలిపోదు. గాంధారం ఒకటి మాత్రం నన్ను ఏడిపించింది. అది సాధారణమూ కాదు, అంతరమూ కాదు. రెంటి నడుమ ఎక్కడో వేలాడుతుంది. పాటలోని దిగులంతా ఆ వేలాడే స్వరంలోనే వున్నది.

ఈ బ్లూస్ పాట పుట్టింది చికాగోలో కాదు. దక్షిణాన మిసిసిప్పి పత్తి చేలలో పనిచేసిన నల్లవారి పాట అది. బ్రతుకుతెరువుకోసం, అవమానం లేని బ్రతుకుకోసం లక్షలమంది రైళ్ళెక్కి ఉత్తరాది నగరాలకు పోయినప్పుడు మూటతోపాటు పాటనూ తీసుకుపోయారు. మడ్డీ వాటర్స్ అనే గాయకుణ్ణి 1941లో పత్తితోటలోనే అలన్ లోమాక్స్ అనే జానపద సంగీత సేకర్త రికార్డు చేశాడు. రెండేళ్ళకు, 1943లో, ఆ గాయకుడు చికాగో చేరాడు. ఊళ్ళో చెట్టుకింద సరిపోయిన గిటారు పట్నపు బారు రొదలో వినిపించలేదు. దానికి విద్యుచ్ఛక్తి తగిలించాడు. జాజ్ వారిలోనూ ఈ కలయిక ఆచారమే. న్యూయార్కు హార్లెం పేటలో మింటన్స్ ప్లేహౌస్ అనేచోట 1940 తరువాత సోమవారం రాత్రుల కలయికలలోనే థెలోనియస్ మంక్, డిజ్జీ గిలెస్పీ వంటివారు కొత్త బాణీ ఒకటి తయారుచేశారు. వాద్యగాళ్ళకు సోమవారం సెలవురోజు. పనిరోజున డబ్బుకోసం వాయించినవారు సెలవురోజున తమకోసం వాయించుకున్నారు.

ఆ రాత్రి ఇంటికి వస్తూ మా అబ్బాయి, "ఎట్లా వుంది నాన్నా?" అని అడిగాడు.

"మా ఊరి శనివారపు భజనలాగే వుంది. అయితే హారతి ఒకటి తక్కువ" అన్నాను.

వాడు నవ్వాడు. తరువాత నవ్వు ఆపి, "మీరు నాకు దాన్ని ఎప్పుడూ చూపించలేదే" అన్నాడు. ఆ మాట నాకు ముల్లులాగా గుచ్చుకున్నది. దానికి కారణం వున్నది.

మా వీధి భజనకు మా నాయన పెద్ద. శనివారం దీపం పెట్టే వేళకు పెరుమాళ్ళ పటం ముందు చాప పరిచేవారు. పొలంనుంచి వచ్చినవారు కాళ్ళు కడుక్కుని నేరుగా వచ్చి కూర్చునేవారు. ఒక హార్మోనియం, ఒక మృదంగం, ఒక గంజిర, నాలుగైదు జతల తాళాలు. మొదట గణపతి, తరువాత గురువు, తరువాత ఎవరి వంతు వారిది. ఒకరు రామదాసు కీర్తన ఎత్తుకుంటే మరొకరు అన్నమయ్య పదం, ఇంకొకరు త్యాగయ్య దివ్యనామం. తమిళదేశంలో కావేరి ఒడ్డున కూర్చుని తెలుగులో పాడిన త్యాగయ్యగారు మా వంటివారికి మరీ దగ్గరివారు. తెలుగుగడ్డ చూడని తెలుగువారికి ఆయన పాటే పుట్టిల్లు.

పాట చివర నామావళి. పెద్ద ఒక పాదం అంటాడు, అందరూ తిరిగి అంటారు. రెండో కాలం, ఆపైన ఇంకా ద్రుతం. ఎప్పుడు కాలం మారుతుందో, ఎప్పుడు ఆగుతుందో పుస్తకంలో వుండదు. పెద్ద కనుసైగలో వుంటుంది. ఆ సైగ పట్టుకోవడమే భజనలో చదువు. 1940లో ఆలిండియా రేడియోవారు హార్మోనియం మన సంగీతానికి పనికిరాదని బహిష్కరించి, చాలా ఏళ్ళదాకా దగ్గరకు రానీయలేదు. గమకం పలకని పెట్టె అన్న మాట నిజమే. కాని మా వీధివారికి ఆ వార్త చేరలేదో, చేరినా పట్టలేదో, శనివారం శనివారం ఆ పెట్టె మోగుతూనే వున్నది.

మా నాయన దగ్గర పొడుగాటి చిట్టాపుస్తకం ఒకటి వుండేది. ఇంటి లెక్కలకు కొన్నది పాటల పుస్తకమైంది. 1952నుంచి ఆయన విన్న ప్రతి పాటనూ గుండ్రటి తెలుగు అక్షరాలతో దానిలో రాసుకున్నారు. 1988లో ఆయన పోయినప్పుడు, పదకొండో నాడు నేను పట్నం బయలుదేరుతూ ఆ పుస్తకాన్ని నా పెట్టెలో పెట్టుకున్నాను. నాన్న గుర్తు అని తీసుకున్నాను. నన్ను ఎవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. ఆ పుస్తకం మూడు దశాబ్దాలకు పైగా నా బీరువా అడుగున వున్నది. నేను పాడను. మా ఇంట్లో మరెవరికీ చదవను రాదు. పాడేవారు అక్కడ, పాటలు ఇక్కడ. ఈ చిన్న సంగతి తోచడానికి నాకు చికాగోదాకా పోవలసివచ్చింది.

పెరటాసి నెల మూడో శనివారం. తమిళదేశంలో పెరుమాళ్ళకు ముఖ్యమైన దినం. మా అబ్బాయికి సెలవు దొరికింది. ఇద్దరమూ పుస్తకం గుడ్డలో చుట్టుకుని మొరప్పూరులో రైలు దిగాము. బస్సులో తమలపాకు బుట్టల మధ్య నిలబడి ఊరు చేరేసరికి సాయంకాలమైంది.

ఇప్పుడు భజన నడిపేది మా మేనమామ వరస పెద్దాయన. ఎనభై దాటాయి. నన్ను చూసి, "ఏమప్పా, ఇన్నాళ్ళకి దోవ తెలిసెనా?" అన్నాడు. నిష్ఠురంగా అనలేదు గాని నాకు నిష్ఠురంగానే వినిపించింది. పుస్తకం ఆయన చేతిలో పెట్టి, "మామా, ఇది ఇక్కడిది. నేను తీసుకుపోవడం తప్పు" అన్నాను.

ఆయన పుస్తకం తెరిచి, కాగితం వాసన చూశాడు. అక్షరాలమీద వేలు పోనిచ్చాడు. మూసి పక్కన పెట్టి, "మీ నాయన రాసేటప్పుడు పక్కన కూచోనుండాను నేను. చదివేది ఆయన పని, పాడేది మా పని అనుకొంటిమి. ఇప్పుడు ఈడ దీన్ని చదివేవాళ్ళు ఎవరుండారు?" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నాకు మా అమ్మ ఇంట్లో అక్షరాలు దిద్దించింది. మామకు ఆ అవకాశం కలగలేదు. 2006లో చేసిన చట్టంతో తమిళనాట తమిళం ఒకటో తరగతినుంచి ఏటేటా ఒక్కొక్క తరగతికి తప్పనిసరి అవుతూ 2016 నాటికి పదో తరగతిదాకా వచ్చింది. ఉన్న రాష్ట్రపు భాష నేర్చుకోవలసిందే, కాదనను. కాని బడిలో లేని తెలుగుకు ఇంట్లో మేమేమి చేశామన్నది మా లెక్క. అది మేమే చెప్పుకోవాలి. మాట్లాడితే చాలుననుకున్నాము. అక్షరం మాట జోలికి పోలేదు.

వారి దగ్గర పాటలు లేకపోలేదు. పిల్లలు తమిళ లిపిలో నోటుపుస్తకాలు రాసుకున్నారు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుచేత గోపాలుడు కోపాలుడుగా కనిపిస్తాడు. సంగీతం పుస్తకాలవారు దీనికొక ఉపాయం కనిపెట్టి, అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. ఈ పిల్లలు అంకెలు కూడా వేయలేదు. పెద్దలు పాడుతుంటే విని సరిచేసుకుంటున్నారు. పెద్దలు వున్నంతకాలం ఇబ్బంది లేదు.

భజన మొదలయింది. పన్నెండుమంది వున్నాము. మా అబ్బాయి చేతికి తాళాలు ఇచ్చారు. వాడు ఉత్సాహంగా ఎత్తబోతే మామ చెయ్యి అడ్డంపెట్టి, "మూడు పాటలు ఊరకే ఇను నాయనా. తరువాత నువ్వే కొడతావు" అన్నాడు. మా వాడు నావైపు తిరిగి, "నాన్నా, ఆ బారులో పెద్దాయన నాకు మొదటిరోజు చెప్పిందీ ఇదే!" అన్నాడు. మూడు పాటలు విన్నాడు. నాలుగో పాటకు చేతులు కదిలాయి. నామావళి ద్రుతానికి వచ్చేసరికి తల ఊగింది. అందరూ ఒక్కసారిగా ఆగినచోట వాడొక్కడి తాళం మాత్రం నిశ్శబ్దంలో ఖంగుమన్నది. చాపమీద నవ్వులు పూశాయి. "పరవాలేదు, స్వామి కూడా ఇన్నాడులే!" అన్నది వెనకనుంచి ఒక అవ్వ.

హారతి తరువాత ఎవరూ లేవలేదు. నన్ను దీపం దగ్గర కూర్చోబెట్టి పుస్తకం చదవమన్నారు. ఒక్కొక్క పాట మొదటి పాదం చదువుతాను. తెలిసినది అయితే, "ఆ, ఇది వుండాది" అంటారు. తెలియనిది అయితే మౌనం. మొత్తం 64 పాటలు. వాటిలో 41 వారి నోట్లో వున్నాయి. మిగిలిన 23 పాటలు రాగం పేరు, తాళం పేరు తలమీద మోసుకుంటూ కాగితంమీద పడివున్నాయి.

ఒకటి చదువుతున్నప్పుడు ఇందాకటి అవ్వ, "నిలుపు, నిలుపు" అన్నది. "ఈ వరస నాకు తెలుసు. మాటలు మరిచిపోయి ముప్పై ఏండ్లయ్యె. ఊయల ఊపేటప్పుడు ఊరక కూనిరాగం తీస్తుంటిని." ఆమె రాగం తీసింది. నేను మాట అందించాను. రెండు పాదాలు తడబడ్డాయి, మూడో పాదానికి మాట రాగంలో కూర్చున్నది. మామ హార్మోనియం అందుకున్నాడు. నేను పుట్టిపెరిగిన వీధిలో, నేను ఎత్తుకుపోయిన పాట, నా కళ్ళముందే తిరిగి లేచి నిలబడ్డది. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. ఆ ఒక్క పాటకు వరస తెలిసినవారు వుండబట్టి సరిపోయింది. తక్కిన 22 పాటల వరసలు తెలిసినవారు ఈ ముప్పై ఏళ్ళలో ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నేను పుస్తకాన్ని ఇక్కడే వుంచివుంటే? ఎవరైనా చదివేవారో, చదవకుండా అటకమీదే వుండేదో చెప్పలేను. కాని వుంచివుండవలసింది.

మాట తప్పినా పాట బ్రతుకుతుంది, వరస తప్పితే మాత్రం కాగితమే మిగులుతుంది. బారులోని పన్నెండు గదుల లెక్క అందుకే అంత గట్టిది. ప్రతివారం పదిమంది నోట పడుతుంది. మన సంగీతమూ ఆ చట్రాలతో కలవలేనిది కాదు. 1958లో జాజ్ పియానో విద్వాంసుడు డేవ్ బ్రూబెక్ మన దేశం వచ్చినప్పుడు మద్రాసులో కూడా వాయించిపోయాడు. మన పాలకొల్లు పిల్లవాడు మాండొలిన్ శ్రీనివాస్ పదిహేనైనా నిండకముందే 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వాయించి అక్కడివారిని మెప్పించాడు. అటువంటివారు ఎక్కడైనా నెగ్గుతారు. వారంవారం కూర్చునే మా వంటి చిన్న చాపల సంగతే ఆలోచించవలసినది.

మరునాడు ఉదయం మామ మనుమరాలు, తొమ్మిదో తరగతి పిల్ల, నోటుపుస్తకంతో వచ్చి కూర్చున్నది. నేను చదవడం, తాను తమిళ లిపిలో రాయడం. ఈసారి అంకెలు వేయడం నేర్పాను. పది పాటలయ్యాక కలం పెట్టేసి, "తాతా, ఈ 2, 3, 4 వేసేదానికన్నా ఆ అక్షరాలే నేర్చుకొంటే పోదా? మొత్తం ఎన్నుండాయి?" అన్నది.

"యాభైయారు" అన్నాను.

"అంతేనా! తమిళానికి 247 నేర్చుకొంటిమి గదా!"

యాభైయేళ్ళుగా మా పెద్దలమెవ్వరమూ వేయని లెక్క అది. గుణింతాలు, వత్తులు వున్నాయని చెప్పి అప్పుడే భయపెట్టదలచుకోలేదు.

నేను మద్రాసు చేరినప్పటినుంచి ప్రతి శనివారం ఉదయం ఫోనులో పాఠం. నేను అక్షరం రాసి బొమ్మ పంపుతాను, ఆ పిల్ల దిద్ది పంపుతుంది. వీధిలో మరి ఇద్దరు పిల్లలు చేరారు. పుస్తకం మాత్రం కడత్తూరులోనే, పెరుమాళ్ళ పటం కింద వున్నది.

నాలుగు నెలలకు ఆ పిల్ల తనంతట తాను ఒక పుట చదివింది. కష్టపడి, కూడబలుక్కుని. అయితే అది పాట కాదు. పుస్తకం మొదటి పుటలో మా నాయన భజన ఖర్చులు రాసుకున్నారు. దీపం నూనె, కర్పూరం, హార్మోనియం తిత్తి మరమ్మతు. నేను ఎన్నడూ ఆ పుట పట్టించుకోలేదు.

ఆ సాయంకాలం ఫోను చేసి, "తాతా, మీ నాయన తిత్తి బాగుచేయించినప్పుడు మా ముత్తాత దగ్గర మూడు రూపాయలు తీసుకొన్నాడంట. 'ఇవ్వవలసివున్నది' అని రాసుండాది. కొట్టేసినట్టు గీత లేదు" అన్నది.

ఎప్పుడు తీరుస్తావని అడగలేదు గాని, వచ్చే పెరటాసికి తప్పక రమ్మన్నది. పోతాను. మూడు రూపాయలూ తీసుకుపోతాను. వడ్డీ ఎంతవుతుందో ఆ పిల్లే లెక్కవేస్తానన్నది.